చదరంగం సందేహాలు: గెలుపోటములు తేలని ఆట

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం డ్రాల గురించే ఉన్నాయి. అందుకే ఈసారి ప్రారంభ ఎత్తుల ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, గెలుపోటములు తేలకుండా ముగిసిన ఆటలకు సంబంధించిన సందేహాలకే స్థలమంతా కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. ఇటీవల ఒక టోర్నమెంటు చివరి రౌండులో తనకన్నా రెండు వందల పాయింట్లు ఎక్కువ రేటింగు ఉన్న అబ్బాయితో ఆడింది. ఇద్దరూ గెలవాలన్న పట్టుదలతోనే ఆడారని చూసినవారు చెప్పారు. చాలాసేపు సాగిన ఆట చివరకు ఒకే స్థితి మూడుసార్లు రావడంతో డ్రా అయింది. ఇంటికి వచ్చాక మా అన్నయ్యగారు “గెలవనూ లేదు, ఓడనూ లేదు, మరి ఇంతసేపు కూర్చుని ఏం సాధించినట్టు?” అన్నారు. పిల్ల చిన్నబుచ్చుకుంది. ఆయనకు నేనేమని చెప్పాలి? — ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అన్నయ్యగారికి లెక్కలంటే నమ్మకముంటే ముందుగా ఒక లెక్క చెప్పండి. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే అనుసరించే రేటింగు పద్ధతిలో, ఇద్దరి మధ్య రెండు వందల పాయింట్ల తేడా ఉన్నప్పుడు తక్కువ రేటింగు ఉన్నవారి నుంచి ఆశించే ఫలితం సుమారు 0.24 పాయింటు మాత్రమే. మీ అమ్మాయి తెచ్చుకున్నది 0.5. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు, రేటింగు 2300 దాటనంత వరకు, ఈ తేడాను 40తో గుణిస్తారు కనుక, ఆ టోర్నమెంటు ఫిడే రేటింగు ఉన్నదైతే ఈ ఒక్క డ్రాతో ఆమె రేటింగు సుమారు 10.4 పాయింట్లు పెరుగుతుంది. ఎదుటి అబ్బాయి రేటింగు తగ్గుతుంది. ఫలితాల పట్టికలో ఇద్దరికీ చెరి సగం కనిపించినా, ఆ సగం ఇద్దరికీ ఒకటి కాదు.

అయితే లెక్కతో ఈ ప్రశ్న తీరిపోదు, ఎందుకంటే ఆయన అడిగినది ఆట అర్థం గురించి. ఒక డ్రా మంచిదో చెడ్డదో స్కోరు చూసి చెప్పడం సాధ్యం కాదు, ఎత్తులు చూసి మాత్రమే చెప్పగలం. దీనికి నేను ఎప్పుడూ చూపించే ఆట ఒకటుంది. 1872లో వియన్నా నగరంలో కార్ల్ హాంపె అనే ప్రభుత్వాధికారికీ, ఫిలిప్ మైట్నర్ అనే న్యాయవాదికీ మధ్య జరిగిన ఆట అది. ఈ మైట్నర్, తరువాతి కాలంలో అణుశాస్త్రంలో గొప్ప పేరు తెచ్చుకున్న లీజ మైట్నర్‌కు తండ్రి. మొత్తం పద్దెనిమిది ఎత్తుల ఆట. బల్ల ముందు పెట్టుకుని, మీ అమ్మాయినీ మీ అన్నయ్యగారినీ చెరోవైపు కూర్చోబెట్టి ఆడించి చూడండి.

తెల్లపావులతో హాంపె రాజు ముందరి బంటును రెండు గళ్లు నడిపి, మంత్రి వైపు గుర్రాన్ని సి3కి తెచ్చాడు (గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె తెల్లవైపు నుంచి లెక్కించిన అడ్డు వరుసను చెబుతాయి). మైట్నర్ రాజు బంటును ఎదురు నిలిపి, బిషప్‌ను సి5లో ఉంచాడు. మూడో ఎత్తులో తెల్లగుర్రం ఎ4కు వచ్చి ఆ బిషప్‌ను చంపుతానని బెదిరించింది. ఎవరైనా బిషప్‌ను వెనక్కి తీసుకుంటారు. మైట్నర్ మాత్రం దానితో ఎఫ్2 బంటును కొట్టి చెక్ ఇచ్చాడు, అంటే బిషప్‌ను బలి ఇచ్చి తెల్లరాజును కోట నుంచి బయటకు లాగాడు. అక్కడి నుంచి నల్లమంత్రి హెచ్4లో ఒక చెక్, ఎఫ్4లో మరొక చెక్ ఇవ్వగా, తెల్లరాజు ఇ3, డి3, సి3, బి3 గళ్ల మీదుగా నడుచుకుంటూ పోవలసి వచ్చింది. దారిలో నల్లమంత్రి ఇ4 బంటును కూడా తీసుకుంది. తొమ్మిదో ఎత్తులో హాంపె ఎ3కి బంటును జరిపి రాజుకు ఎ2లో ఆశ్రయం సిద్ధం చేసుకుంటుండగా, మైట్నర్ తన మంత్రిని ఎ4 గుర్రం మీదకు దూకించి బలి ఇచ్చాడు. రాజు దాన్ని కొట్టక తప్పలేదు. వెంటనే సి5లో గుర్రంతో చెక్, ఎ5లో బంటుతో చెక్, చివరకు ఆ గుర్రాన్ని కూడా రాజు చేతికే వదిలేశాడు. పన్నెండో ఎత్తుకు తెల్లరాజు ఒంటరిగా సి5లో, శత్రువు కోట గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నల్లవైపు మంత్రి, బిషప్, గుర్రం పోయాయి. అయినా మైట్నర్ తొందరపడి చెక్ ఇవ్వకుండా మిగిలిన గుర్రాన్ని నెమ్మదిగా ఇ7కు తెచ్చాడు. దాని వెనుక ఉన్న బెదిరింపు భయంకరమైనది: తరువాత బి6లో బంటుతో చెక్, రాజు బి5కి జరిగితే డి7లో బిషప్‌తో ఆటకట్టు.

ఇంతవరకు గొప్పతనమంతా నల్లవైపే కనిపిస్తుంది. నా దృష్టిలో హాంపె గొప్పతనం ఇక్కడే మొదలవుతుంది. ఆయన బి5లో బిషప్‌తో చెక్ ఇచ్చి, నల్లరాజు డి8కి జరగగానే, ఆ బిషప్‌ను సి6లో, నల్లబంటుకూ నల్లగుర్రానికీ కూడా అందే చోట పెట్టాడు. డి7 నుంచి రాబోయే దెబ్బకు అడ్డుగోడ అది. బి6 చెక్ వచ్చింది, రాజు బి5కి తప్పుకున్నాడు, గుర్రం ఆ బిషప్‌ను కొట్టింది, రాజు ఆ గుర్రాన్ని కొట్టాడు. ఇప్పుడు పదహారో ఎత్తులో నల్లబిషప్ బి7కి వచ్చి చెక్ ఇచ్చింది. దాన్ని తెల్లరాజు కొట్టవచ్చు, కాని కొడితే నల్లరాజు డి7కు జరుగుతాడు, తరువాత హెచ్8లోని ఏనుగు బి8కి వచ్చి ఆటకట్టు చేస్తుంది. మధ్యలో జి4 నుంచి మంత్రి చెక్ ఇచ్చినా నల్లరాజు డి6కి తప్పుకుంటాడు, ప్రమాదం అలాగే ఉంటుంది. అందువల్ల తెల్లరాజు బి5కి వెనుదిరిగాడు. బిషప్ ఎ6లో చెక్ ఇచ్చింది. అక్కడ ఎ8 ఏనుగు కాపలా ఉన్నందువల్ల దాన్ని కొట్టడానికి వీల్లేదు. రాజు ఎ4కు పారిపోతే బిషప్ సి4కు వచ్చి, ఆ తరువాత బి5లో బంటుతో ఆటకట్టు. కనుక మళ్లీ సి6. మళ్లీ బి7లో చెక్. ఆట డ్రా.

తెల్లవైపు మంత్రి అదనంగా ఉంది, కాని రాజు ఆ రెండు గళ్లను విడిచి అడుగు పక్కకు వేస్తే చస్తాడు. నల్లవైపు బలగమంతా హరించుకుపోయింది, కాబట్టి చెక్‌లు ఆపిన మరుక్షణం ఓటమి. ఇద్దరిలో ఎవరికీ ఇంకొక దారి లేదు. గెలవడానికి ఇద్దరూ తమ దగ్గరున్నదంతా ధారపోసిన తరువాత మిగిలిన సమానత అది. దీనిని చదరంగ ప్రియులు అమరమైన డ్రా అని పిలుచుకుంటున్నారు.

ఇంకొక మాట కూడా మీ అన్నయ్యగారికి చెప్పవచ్చు. ఎత్తుకు పైఎత్తు సరిగ్గా పడుతూ పోతే ఆట సమానంగా ముగియడమే సహజమని చాలామంది నిపుణుల నమ్మకం. చెకర్స్ ఆట విషయంలో ఇది రుజువైంది కూడా. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో జోనాథన్ షాఫర్ బృందం 2007లో, ఇద్దరూ తప్పు చేయకపోతే చెకర్స్ డ్రాగానే ముగుస్తుందని నిరూపించింది. చదరంగానికి అటువంటి నిరూపణ ఇంకా లేదు, ఏడు పావులకు మించని స్థితులకు మాత్రమే కంప్యూటర్లు పూర్తి సమాధానం తయారుచేశాయి.

ఇక అమ్మాయితో చేయవలసిన పని. ఆమె రాసుకున్న స్కోరుషీటు తీయించి, ఆ స్థితి మొదటిసారి వచ్చిన చోట ఆపి, “ఇక్కడ నువ్వు వేరే ఎత్తు వేసి ఉంటే ఏమయ్యేది?” అని అడగండి. తరువాత అదే ప్రశ్న అబ్బాయి వైపు నుంచి వేయండి. ఇద్దరిలో ఎవరు పక్కకు తప్పుకున్నా నష్టపోయేవారని తేలితే, ఆ డ్రా ఆమె సంపాదించుకున్నది. ఆమెకు ప్రమాదం లేని మంచి ఎత్తు ఉండి కూడా రేటింగును చూసి బెదిరి ఆగిపోయినట్టు తేలితే, అది నేర్చుకోవలసిన పాఠం. ఈ రెండింటిలో ఏదైనా, చిన్నబుచ్చుకోవలసిన విషయమైతే కాదు.

ప్రశ్న: 2018 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కార్ల్‌సన్, కరువానా ఆడిన పన్నెండు ఆటలూ డ్రా అయ్యాయని చదివాను. ఒక్కరూ గెలవని పోటీని ప్రపంచ పోటీ అని ఎలా అనగలం? ఇద్దరూ భయపడి ఆడారనే కదా అర్థం? — ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: పన్నెండూ డ్రా కావడం నిజమే. ప్రపంచ కిరీటం కోసం జరిగిన పోటీలో క్లాసికల్ ఆటలన్నీ, అంటే గంటల తరబడి సాగే ఆటలన్నీ, డ్రా కావడం అదే మొదటిసారి. కాని ఆ పన్నెండింటినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. లండన్‌లో జరిగిన మొదటి ఆట 115 ఎత్తుల దాకా, దాదాపు ఏడు గంటలపాటు సాగింది. అందులో నల్లపావులతో ఆడిన కార్ల్‌సన్ గెలుపుకు బాగా దగ్గరగా వెళ్లాడు. కాలం తక్కువై కష్టాల్లో ఉన్న కరువానా ఒక్కొక్క ఎత్తునూ వెతుక్కుంటూ గట్టెక్కాడు. ఆరో ఆటలో పరిస్థితి తలకిందులైంది. అక్కడ 68వ ఎత్తులో కరువానాకు గెలుపు దారి ఉన్నదని కంప్యూటరు చూపింది, కాని ఆ దారిలో గుర్రాన్ని బల్ల చివరి వరుసకు తీసుకుపోయి ఉంచవలసిన విచిత్రమైన ఆలోచన ఉంది. మనిషి మెదడుకు అది తట్టదని పెద్ద పెద్ద ఆటగాళ్లే ఒప్పుకున్నారు. ఈ రెండు డ్రాలనూ భయం అనేవారు ఆ ఆటలను ఎత్తు తరువాత ఎత్తుగా చూసి ఉండరు.

పన్నెండో ఆట సంగతి వేరు, దాన్ని గురించి మీతో చాలావరకు ఏకీభవిస్తాను. నల్లపావులతో ఆడుతూ, స్థితిలోనూ గడియారంలోనూ పైచేయి ఉండగా, 31వ ఎత్తు దగ్గర కార్ల్‌సన్ డ్రా ప్రతిపాదించాడు. సమానంగా నిలిచిన పోటీని తేల్చడానికి వేగంగా ఆడే టైబ్రేక్ ఆటలలో తనకు తిరుగులేదని ఆయన లెక్క. ఆ లెక్క తప్పలేదు, రాపిడ్ ఆటలను 3–0తో గెలిచి కిరీటం నిలుపుకున్నాడు. నియమాల ప్రకారం అందులో దోషం లేదు, కాని గెలిచే అవకాశమున్న స్థితిని బల్ల మీద వదిలి లేవడం నాకు నచ్చలేదు. మాజీ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ కూడా అప్పుడు బహిరంగంగానే అసంతృప్తి వ్యక్తం చేశాడు.

ఆ కాస్పరోవ్ పేరు వచ్చింది కాబట్టి, డ్రాల చరిత్రలో అన్నిటికన్నా పెద్ద అధ్యాయాన్ని కూడా తలచుకోవాలి. 1984 సెప్టెంబరులో మాస్కోలో అప్పటి ప్రపంచ చాంపియన్ కార్పోవ్, కాస్పరోవ్‌ల మధ్య మొదలైన పోటీలో ముందుగా ఆరు ఆటలు గెలిచినవారే విజేత, డ్రాలకు లెక్క లేదు. తొమ్మిది ఆటలకే కార్పోవ్ నాలుగు గెలిచాడు. ఇరవై ఒక్కేళ్ల కాస్పరోవ్ పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. అప్పుడాయన దాడులు మానుకుని గోడలా నిలబడ్డాడు. పదో ఆట నుంచి ఇరవై ఆరో ఆట వరకు వరుసగా పదిహేడు డ్రాలు. ఇరవై ఏడో ఆట కార్పోవ్ గెలిచాడు, ఇంకొక్కటి గెలిస్తే చాలు. ఆ ఒక్కటీ ఎన్నటికీ రాలేదు. కాస్పరోవ్ ముప్పై రెండో ఆట గెలిచాడు, మళ్లీ వరుస డ్రాల తరువాత 47, 48వ ఆటలు గెలిచాడు. 1985 ఫిబ్రవరి 15న ఫిడే అధ్యక్షుడు కాంపొమానెస్ పోటీని ఫలితం లేకుండానే ఆపివేశాడు. 48 ఆటలు, 40 డ్రాలు. ఆ నలభై డ్రాల మధ్య ఒక యువకుడు ప్రపంచ చాంపియన్ స్థాయి ఆత్మరక్షణను ఆ చాంపియన్ దగ్గరే నేర్చుకున్నాడు. అదే సంవత్సరం నవంబరులో, కొత్తగా మొదలుపెట్టి ఆడిన పోటీలో, కిరీటం గెలుచుకున్నాడు. ఓడిపోకుండా ఉండడం నేర్వని మనిషి ఆ స్థానానికి చేరేవాడు కాదని నా అభిప్రాయం.

నిర్వాహకులు డ్రాలను తగ్గించాలని చాలాకాలంగా ప్రయత్నిస్తూనే ఉన్నారు. 1862 లండన్ టోర్నమెంటులో డ్రా అయిన ఆటను లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ ఆడించేవారు. సగం పాయింటు ఇచ్చే పద్ధతి ఆ తరువాత స్థిరపడింది. 2005లో బల్గేరియా రాజధాని సోఫియాలో జరిగిన టోర్నమెంటులో ఆటగాళ్లు తమలో తాము మాట్లాడుకుని డ్రా చేసుకోవడాన్ని నిషేధించారు. 2018 పోటీలో 30 ఎత్తుల లోపు, 2021 దుబాయ్ ప్రపంచ పోటీలో 40 ఎత్తుల లోపు అంగీకార డ్రా కూడదన్నారు. ఆ దుబాయ్ పోటీలోనే మొదటి ఐదు ఆటలు డ్రా అయిన తరువాత, ఆరో ఆటలో కార్ల్‌సన్ 136 ఎత్తులు ఆడి నెపోమ్నియాచ్చిని ఓడించాడు. నార్వేలో ఏటా జరిగే టోర్నమెంటులో ఇప్పుడు డ్రా అయిన ప్రతి ఆట తరువాత ఆర్మగెడాన్ అనే చిన్న ఆట ఆడిస్తున్నారు. అందులో తెల్లవైపు ఎక్కువ సమయం ఉంటుంది, నల్లవైపు డ్రా చేసుకున్నా గెలిచినట్టే. చూసేవారికి అది రక్తి కట్టిస్తుంది. అయితే నాలుగు గంటల ఆలోచన విలువను పది నిమిషాల హడావుడితో తేల్చడం నాకు పూర్తిగా సమ్మతం కాదు. తేలిక డ్రాలను అరికట్టడానికి కనీస ఎత్తుల నియమమే మెరుగని నేను భావిస్తాను.

ప్రశ్న: నా ఆటలో ఒకే స్థితి మూడోసారి వచ్చింది. నేను ఎత్తు వేసి, గడియారం నొక్కి, తరువాత పోటీ న్యాయనిర్ణేత అయిన ఆర్బిటర్‌ను పిలిచి డ్రా అడిగాను. ఆయన తిరస్కరించారు, చివరకు ఆట ఓడిపోయాను. అన్యాయం కాదా? — ఒక కళాశాల విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: బాబూ, నీ బాధ అర్థమైంది, కాని నువ్వు రాసినదాన్ని బట్టి ఆర్బిటర్ నిర్ణయం నియమానుసారంగానే ఉంది. మూడుసార్ల నియమాన్ని వినియోగించుకునే హక్కు ఎత్తు వేయవలసిన వంతు ఎవరిదో వారికే ఉంటుంది. ఎదుటివారి ఎత్తుతో ఆ స్థితి మూడోసారి వచ్చిందనుకో, నువ్వు ఏ పావునూ ముట్టకుండా ఆర్బిటర్‌ను పిలవాలి. నీ ఎత్తుతో అది మూడోసారి రాబోతున్నదనుకో, ఆ ఎత్తును బల్ల మీద వేయకుండా ముందు స్కోరుషీటు మీద రాసి, ఆ ఎత్తు వేయదలచానని ఆర్బిటర్‌కు చెప్పాలి. ఎత్తు వేసి గడియారం నొక్కేశావంటే ఆ వంతుకు ఆ హక్కు పోయినట్టే. తరువాతి వంతులలో ఆ స్థితి మళ్లీ వస్తే మళ్లీ అడగవచ్చు.

ఇంకొన్ని సంగతులు గుర్తుంచుకో. మూడుసార్లు వరుసగా రావాలని లేదు, ఇరవయ్యో ఎత్తులో, ముప్పయ్యో ఎత్తులో, నలభయ్యో ఎత్తులో వచ్చినా చెల్లుతుంది. కాని మూడుసార్లూ ఎత్తు వేయవలసిన వంతు ఒకరిదే కావాలి, కోట కట్టుకునే హక్కు (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరిపే క్యాజ్లింగ్), దాటిపోయిన బంటును కొట్టే హక్కు (ఆన్ పాసాన్) కూడా అన్నిసార్లూ ఒకేలా ఉండాలి. పావులు అవే గళ్లలో ఉన్నా, మొదటిసారి కోట కట్టుకునే హక్కు ఉండి తరువాత పోతే, అది ఒకే స్థితి కింద లెక్కకు రాదు. నీ వాదన తప్పని తేలితే ఎదుటివారి గడియారానికి రెండు నిమిషాలు కలుపుతారు. ఒకే స్థితి ఐదుసార్లు వస్తే మాత్రం ఎవరూ అడగనక్కరలేదు, ఆర్బిటరే ఆట ఆపి డ్రా ప్రకటించాలి. యాభై ఎత్తుల నియమానికీ ఇదే పోలిక: బంటు కదలకుండా, ఏ పావూ చావకుండా ఇరువైపులా యాభై ఎత్తులు గడిస్తే ఆటగాడు అడగవచ్చు, డెబ్బై ఐదు గడిస్తే అడగకుండానే డ్రా.

డ్రా ప్రతిపాదించడానికి కూడా ఒక వరుస ఉంది. ముందు నీ ఎత్తు వేయాలి, తరువాత “డ్రా?” అని అడగాలి, ఆ తరువాతే గడియారం నొక్కాలి. ఎదుటివారు ఆలోచిస్తున్నప్పుడు అడగడం మర్యాద కాదు, మాటిమాటికీ అడిగితే ఆర్బిటర్ శిక్షించవచ్చు. ఒకసారి అడిగాక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఎదుటివారు నోటితో కాదన్నా, ఎత్తు వేసే ఉద్దేశంతో పావును ముట్టినా అది తిరస్కరణే.

ప్రశ్న: గుకేశ్, డింగ్ లిరెన్‌ల ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీని మొదటి నుంచి చివరి వరకు చూశాము. మధ్యలో వరుస డ్రాలు వస్తుంటే మా ఇంట్లో అందరూ నీరసించిపోయారు. మీ అభిప్రాయం ఏమిటి? — ఒక తెలుగు కుటుంబం, చెన్నై

జవాబు: చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ మీకు మరింత ఆత్మీయుడనిపించడం సహజం. 2024 చివర సింగపూరులో జరిగిన ఆ పోటీలో పద్నాలుగు ఆటలకు తొమ్మిది డ్రాలు. నాలుగో ఆట నుంచి పదో ఆట వరకు వరుసగా ఏడు. కాని ఆ డ్రాలు ఎలా వచ్చాయో చూడండి. ఆరో ఆటలో నల్లపావులతో గుకేశ్ స్థితి ఏమంత బాగా లేదు, ఎత్తులు తిరగవేసి డ్రా చేసుకునే వీలు చేతికందే దూరంలో ఉంది. ఆయన దాన్ని కాదని మంత్రిని పక్కకు జరిపి ఆట కొనసాగించాడు. ఆ ఆట కూడా చివరికి డ్రాయే అయింది. ఆ ఎత్తు సాహసమా, అతివిశ్వాసమా అని అప్పుడు నిపుణులు తర్జనభర్జన పడ్డారు. నాకు మాత్రం అది ఎదుటి మనిషికి పంపిన కబురులా కనిపించింది: ప్రతి ఆటలోనూ నిన్ను చివరి వరకు కూర్చోబెడతాను.

ఆ కబురు ఫలితం పద్నాలుగో ఆటలో తేలింది. డిసెంబరు 12న, స్కోరు 6.5–6.5గా ఉండగా, ఆట డ్రా దిశగా సాగుతూ వచ్చింది. గుకేశ్‌కు ఒక బంటు మాత్రమే ఎక్కువ. చెరొక ఏనుగు, చెరొక బిషప్ ఉన్న ఆ స్థితిలో డింగ్ నిలదొక్కుకోగలడని అందరూ భావించారు. అయినా గుకేశ్ డ్రా అడగలేదు, ఎత్తు మీద ఎత్తు వేస్తూ పోయాడు. 55వ ఎత్తులో, గంటల తరబడి కాచుకుని అలసిపోయిన డింగ్ ఏనుగును ఎఫ్2లో పెట్టి మార్పిడికి సిద్ధమయ్యాడు. ఏనుగులు మారగానే మూలలో ఉన్న తెల్లబిషప్‌కు ఎదురుగా గుకేశ్ తన బిషప్‌ను డి5లో నిలిపాడు, ఆ మార్పిడి కూడా తప్పలేదు. మిగిలిన బంట్ల ఆటలో ఒక్క బంటు తేడాయే గెలుపుకు సరిపోయింది. 58 ఎత్తులకు ఆట ముగిసి, పద్దెనిమిదేళ్ల వయసులో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అంతకుముందటి డ్రాల అలసట లేకుండా ఆ తప్పు జరిగేదని నేను అనుకోను.

మరో తెలుగు ఆటగత్తె విషయంలో ఇదే కథ మరోలా ముగిసింది. 2025 జులైలో జార్జియాలోని బతూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, నాగపూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్ తలపడ్డారు. రెండు క్లాసికల్ ఆటలూ డ్రా, మొదటి రాపిడ్ ఆటా డ్రా. రెండో రాపిడ్ ఆటలో నల్లపావులతో ఆడిన దివ్య గెలిచి కప్పు తీసుకుంది. ఇద్దరికీ వయసులో దాదాపు ఒక తరం తేడా ఉంది, అయినా మూడు ఆటలపాటు ఎవరూ లొంగలేదు.

ప్రశ్న: ఏనుగుల ఆటలో ఒక బంటు తక్కువైతే నేను ప్రతిసారీ ఓడిపోతున్నాను. డ్రా చేసుకోవడానికి నేర్వదగిన పద్ధతి ఏదైనా చెప్పగలరా? — ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు ముందుగా ఫిలిడోర్ స్థితిని నేర్చుకోండి. ఫిలిడోర్ పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు, సంగీతకారుడు కూడా. మీది నల్లవైపు, ఎదుటివారికి ఏనుగు, ఒక బంటు, మీకు ఏనుగు మాత్రమే ఉన్నాయనుకుందాం. మీ రాజు ఆ బంటు మంత్రిగా మారవలసిన గడిలోనో దాని పక్కనో నిలబడాలి. మీ ఏనుగు తెల్లవైపు నుంచి లెక్కిస్తే ఆరో వరుసలో ఉండి అడ్డంగా కాపలా కాయాలి, అప్పుడు తెల్లరాజు ఆ వరుసలోకి అడుగు పెట్టలేడు. మీరు ఏనుగును ఆ వరుసలోనే అటూ ఇటూ జరుపుతూ ఓపిక పట్టండి. రాజుకు దారి చేయడానికి తెల్లబంటు ఆరో వరుసకు రాగానే, మీ ఏనుగును వెంటనే మొదటి వరుసకు దించి వెనుక నుంచి చెక్‌లు ఇవ్వండి. బంటు ముందుకు వచ్చేసింది కనుక ఇక తెల్లరాజుకు దాని ముందు దాక్కునే చోటు ఉండదు. బంటు కదలకముందే ఏనుగును కిందికి దించడమే చాలామంది చేసే పొరపాటు.

రెండోది ఇంకా తేలిక. ఎదుటివారికి చివరి పట్టీలో, అంటే ఎ లేక హెచ్ గళ్ల వరుసలో, ఒక బంటూ, ఒక బిషప్పూ మిగిలాయనుకోండి. ఆ బంటు మంత్రిగా మారే మూలగడి రంగు బిషప్ తిరిగే రంగు కాకపోతే, మీ రాజు ఆ మూలకు చేరితే చాలు, వారు గెలవలేరు. మిమ్మల్ని అక్కడి నుంచి కదిలించబోతే స్టేల్‌మేట్ అవుతుంది, అంటే చెక్ లేకుండానే కదలడానికి ఎత్తు లేని స్థితి, అది డ్రాయే.

ప్రశ్న: చివరి రౌండులో నాకూ నా మిత్రుడికీ ఆట పడింది. డ్రా అయితే ఇద్దరికీ బహుమతి వస్తుంది. ముందే మాట్లాడుకుని డ్రా చేసుకోవడం తప్పా? — పేరు వద్దన్న పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తప్పే. బల్ల దగ్గర కూర్చుని, ఆట ఆడి, స్థితి సమానమని ఇద్దరికీ తోచినప్పుడు చేతులు కలపడం నియమం ఇచ్చిన హక్కు. ఆటకు ముందే ఫలితం నిర్ణయించుకోవడం మిగతా ఆటగాళ్లందరికీ చేసే ద్రోహం. వారిలో కొందరు మీ ఇద్దరి ఫలితం మీదే తమ బహుమతి ఆశ పెట్టుకుని ఉంటారు. 2023 డిసెంబరులో సమర్కండ్‌లో జరిగిన ప్రపంచ బ్లిట్జ్ (అతివేగపు ఆటల) పోటీలో నెపోమ్నియాచ్చి, దుబోవ్ గుర్రాలను ముందుకూ వెనక్కూ తిప్పుతూ ఆట పేరుకు ఆడి డ్రా చేసుకుంటే, ఆర్బిటర్లు ఆ ఫలితాన్ని రద్దు చేసి ఇద్దరికీ సున్నా వేశారు. ప్రపంచ స్థాయి ఆటగాళ్లకే మినహాయింపు దొరకలేదు. మీ మిత్రుడితో గట్టిగా ఆడండి. అలా ఆడి డ్రా అయితే బహుమతి నిశ్చింతగా తీసుకోవచ్చు.

ప్రశ్న: ఎదుటివారి సమయం అయిపోయింది, కాని అప్పటికి నాకు రాజు ఒక్కటే మిగిలింది. నేను గెలిచినట్టేనా? — ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాదమ్మా, అది డ్రా. సమయం అయిపోయినవారు ఓడిపోవాలంటే, నియమబద్ధమైన ఏదో ఒక ఎత్తుల వరుసతోనైనా ఎదుటివారు ఆటకట్టు చేయగలిగే అవకాశం బల్ల మీద మిగిలి ఉండాలి. ఒంటరి రాజుతో అది ఎన్నటికీ సాధ్యం కాదు. మీ దగ్గర ఒక్క బంటు మిగిలి ఉన్నా సాధారణంగా గెలుపు మీదే అయ్యేది, ఎందుకంటే ఆ బంటు మంత్రి కావచ్చు. కనుక సమయం తక్కువగా ఉన్న ప్రత్యర్థితో ఆడుతున్నప్పుడు చివరి బంటును కాపాడుకోవడం మరిచిపోకండి.